జ్వరాలబుగ్గకు చెవి పెట్టిన బాయమ్మ

అనగా అనగా అనగా. మూడుసార్లు అన్నానంటే కథ అంత పాతదని. మా తాతకు వాళ్ల తాత చెప్పాడు. ఆయనకు ఎవరు చెప్పారో ఆయనకే గుర్తు లేదు. అప్పటికి గుట్టలకు పేర్లు పెట్టలేదు, వాగులకు వంతెనలు కట్టలేదు. ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి. కొట్టనివాళ్లు పడుకోండి, నాకేం కోపం లేదు.

ఒక గుట్ట, ఒక వాగు, ఆ రెంటి మధ్య ఒక ఊరు. ఊరి పేరు ఇప్పలగడ్డ. ఆ ఊరికి మూడు ఉండేవి. ఒకటి పసుపు. ఏ చేను గోకినా పసుపు కొమ్మే. రెండోది ఇప్పతోపు. ఊరి చివర నలభై ముసలి ఇప్పచెట్లు. మూడోది జ్వరాలబుగ్గ.

ఈ బుగ్గ సంగతి ముందు చెప్పాలి. గుట్ట అడుగున రాళ్ల మధ్య నీళ్లు ఊరేవి. నీళ్లు ఊరడం వింత కాదు. ఆ నీళ్లు మరుగుతూ ఊరేవి. ఎవరూ కట్టె పెట్టలేదు, ఎవరూ గొట్టంతో ఊదలేదు. ఎండాకాలం పొగ, వానాకాలం పొగ, చలికాలం ఇంకా పొగ. దగ్గరికి పోతే కుళ్లిన గుడ్డు వాసన. లోపల్నుంచి ఎవరో మూలుగుతున్నట్టు చప్పుడు.

ఊరివాళ్లు ఏమనుకున్నారంటే, నేల కింద అమ్మ పడుకొని ఉంది, ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం వస్తే మనం ఏం చేస్తాం? తడిగుడ్డ వేస్తాం, చల్లబరుస్తాం. వాళ్లూ అదే చేశారు. రోజూ పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి కుండలతో చన్నీళ్లు మోసుకుపోయి బుగ్గలో పోసేవాళ్లు. పోస్తూ అనేవాళ్లు, "చల్లబడు తల్లీ, చల్లబడు తల్లీ, చల్లబడు తల్లీ."

తల్లి చల్లబడలేదు. తాతల కాలంలో పది కుండలు పోశారు. తండ్రుల కాలంలో యాభై పోశారు. మన కథ జరిగేనాటికి వంద కుండలయ్యాయి. ఏడు తరాలు ఒకే మందు, ఒకే రోగి, రవ్వంత గుణం లేదు. మందు మార్చి చూద్దామని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఎంత మంచివాళ్లో చూడండి.

ఆ ఊళ్లో బాయమ్మ అని ఒక ఆడమనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు, సెంటు భూమి లేదు. ఆమె పని పసుపు ఉడికించడం. పసుపు తవ్వగానే వాడుకోవడానికి పనికిరాదు. ముందు ఉడకాలి, తరవాత ఎండాలి. తవ్విన పది రోజుల్లో ఉడకకపోతే కొమ్ము మెత్తబడుతుంది, మొలక వేస్తుంది, చేసిన సేద్యమంతా పెంటకుప్పకు పోతుంది. ఉడకడం తక్కువైతే పురుగు పడుతుంది. ఎక్కువైతే రంగు పోతుంది. సరిగ్గా ఎప్పుడు దించాలో ఊరంతటికీ తెలిసింది బాయమ్మ ఒక్కదానికే.

ఆమె మూత తీసి చూసేది కాదు. పుల్ల గుచ్చేది కాదు. కొప్పెర పక్కన గొంతుక్కూర్చొని చెవి పెట్టేది. కొప్పెర అంటే ఇద్దరు మనుషులు పట్టేంత రాగి పాత్ర. నీళ్లు వేడెక్కుతుంటే సుయ్ సుయ్ అంటుంది. మరుగుతుంటే గుడ గుడ అంటుంది. పసుపు ఉడికి నురగ కమ్మితే చప్పుడు మందగించి గుబుకు గుబుకు అంటుంది. ఆ గుబుకు వినపడగానే "దించుండ్రి" అనేది బాయమ్మ. ఆ తరవాత పుల్ల గుచ్చి చూస్తే వెన్నలో దిగినట్టు దిగేది. ఎట్లా తెలిసిందే అని అడిగితే ఒకటే జవాబు, "చెవి పెడితే తెలుస్తది."

అంత పనిమంతురాలికి ఊళ్లో మర్యాద ఎంతో తెలుసా? పూజారి కుండ తరవాత బుగ్గలో పోసే మొదటి కుండ ఆమెదే. మర్యాదకు కాదు. తల్లికి వేడి చేసింది ఈ బాయమ్మ పెట్టే మంటల వల్లనే అని ఊరి అనుమానం. కాబట్టి బరువైన కుండ ఆమెకిచ్చేవాళ్లు. బాయమ్మ ఆ కుండే ఎత్తుకునేది. మోసుకుపోయి పోసేది. పెద్ద కుండ మోస్తూ, రాళ్ల మీద కాలు జారకుండా చూసుకుంటూ, తల్లికి భయపడుతూ, పోసేసి పరుగున వచ్చేది. నలభై ఏళ్లు అట్లాగే పోసింది.

పసుపు ఉడికే నెల పోతే ఆమెకు కూలి లేదు. అప్పుడు ఆమెను సాకింది ఇప్పతోపే. ఎండలు ముదిరే ముందు ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లారేసరికి చెట్ల కింద పువ్వు పరుచుకొని ఉంటుంది. ఏరుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఎండబెట్టి దాచుకుంటే, వానలు పడి పనులు దొరికేదాకా ఉడికించుకొని తినొచ్చు. చేను లేనివాళ్లంతా ఆ నలభై చెట్ల మీదే ఎండాకాలం గడిపేవాళ్లు. బాయమ్మ ఆ చెట్లను చెట్లని అనేది కాదు. "మావాళ్లు" అనేది.

ఒక ఏడు పసుపు విరగపండింది. అందరి పసుపూ తవ్వి కుప్పలు పోశారు. వాగు ఒడ్డున కట్టెలు పేర్చారు. రేపు పొయ్యి వెలిగిస్తారనగా చెడగొట్టు వాన కొట్టింది. వేళ కాని వేళలో వాగు పొంగింది. పేర్చిన కట్టెలు పేర్చినట్టే తీసుకుపోయింది. తెల్లారి చూస్తే ఊళ్లో పసుపు గుట్టంత, కట్టె చిటికెనవేలంత.

గుట్ట మీద కట్టెలు కొట్టుకుందామా అంటే గుట్ట అప్పటికే గుండు. ఏడు తరాల పసుపు ఉడికింది ఆ గుట్ట మీది చెట్లతోనే కదా.

అప్పుడు పటేలు నర్సింగం ఊరిని పిలిచాడు. సగం పసుపు ఆయనదే. చెడ్డవాడు కాదు, తొందరమనిషి. "ఇంకో తొవ్వ లేదు. ఇప్పతోపు కొట్టాలె. ముసలి చెట్లు, లోపల కట్టె ఎండే ఉన్నది, అంటుకుంటది. వాగు పొంగు తీస్తే అవతలి ఊరోళ్లు గొడ్డళ్లు పట్టుకొని మూడో దినానికి వస్తరు" అన్నాడు.

పేదవాళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. పసుపు పోతే కూలి పోతుంది, తోపు పోతే తిండి పోతుంది. ఏది కావాలని చెబుతారు?

బాయమ్మ లేచింది. "పటేలా, పసుపు ఏడాదికోసారి వస్తది. ఆ చెట్లు కొడితే మళ్ల మా మునిమనుమలకు గూడ పువ్వు రాలదు. మేం ఎండకాలం ఏం తినాలె?"

"మరి నా పసుపు దేనితోని ఉడికిస్తవు? నీ మాటలతోనా?" అన్నాడు పటేలు.

అందరూ నవ్వారు. బాయమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "మూడు దినాలున్నయి కదా పటేలా" అని మాత్రం అంది. "ఉన్నయి. మూడో దినం పొద్దుగూకే లోపల ఉడికించి చూపియ్యి, చెట్టు ముట్టం" అన్నాడు ఆయన నవ్వుతూనే.

ఆ సాయంత్రం బాయమ్మ బుగ్గ దగ్గరికి పోయింది. తల్లికి మొరపెట్టుకుందామని. ఆ రోజు తలమీద కుండ లేదు. వంతు లేదు, వెనక ఎవరూ లేరు. ఒక రాయి మీద కూర్చుంది. నలభై ఏళ్లలో ఆ బుగ్గ పక్కన ఆమె కూర్చోవడం అదే మొదలు.

"తల్లీ, మావాళ్లను కొట్టేస్తరట" అని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. ఊరుకున్నాక చెవిలో పడింది చప్పుడు.

గుబుకు గుబుకు.

బాయమ్మ కళ్లు తుడుచుకుంది. ఇంకోసారి విన్నది.

గుబుకు గుబుకు.

ఊరంతా మూలుగనుకున్న చప్పుడు మూలుగు కాదు. జ్వరం వచ్చిన మనిషి ఇట్లా చప్పుడు చెయ్యదు. ఇది ఉడికి దించే వేళకు కొప్పెర చేసే చప్పుడు. ఏటా కొప్పెర పక్కన కూర్చొని వింటున్నదే. కుండ మోస్తూ, భయపడుతూ, నలభై ఏళ్లు దీన్ని విననే లేదు.

కొంగులో రాత్రి తిండికి దాచుకున్న మూడు చిలగడదుంపలు ఉన్నాయి. వాటిని కొంగులోనే ముడివేసింది. "తల్లీ, నాకు తోచింది చేస్తున్న. తప్పయితే నన్ను కొట్టు, ఊరిని కొట్టకు" అని చెప్పి, కొంగు చివర బుగ్గలో ముంచి పట్టుకుంది. చెయ్యి కాలుతున్నా వదల్లేదు. కాసేపటికి పైకి తీసి దుంప విరిచింది. లోపలిదాకా మెత్తగా ఉడికింది. తల్లి కొట్టలేదు. నేల పగల్లేదు. బాయమ్మ అక్కడే కూర్చొని మూడు దుంపలూ తినేసింది. వాసన కొంచెం అదోలా ఉంది గానీ, ఆకలి ముందు అదెంత.

మర్నాడు పొద్దున్నే ఒక వెదురు గంపలో పసుపు కొమ్ములు నింపి, తాడు కట్టి బుగ్గలోకి దించింది. సంగతి తెలిసి ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చింది. అందరికంటే ముందు వచ్చింది పూజారి ఐలయ్య. పొడుగ్గా సన్నగా ఉంటాడు. మంచివాడే గానీ ఆకు కదిలినా భయపడతాడు.

"బాయక్కా, తల్లి జ్వరంతోని ఉంటే నెత్తి మీద గంప పెడ్తవా?" అన్నాడు.

"జ్వరం కాదే ఐలన్నా. చెవి పెడితే తెలుస్తది."

ఎవరూ చెవి పెట్టలేదు. అందరూ చెవులు మూసుకున్నారు. బాయమ్మ గంప పైకి లాగింది. పుల్ల గుచ్చితే దిగింది. పసుపు ఉడికింది. కానీ రంగు మట్టిరంగు, వాసన కుళ్లిన గుడ్డు వాసన. పటేలు ఒక కొమ్ము ముక్కు దగ్గర పెట్టుకొని విసిరి అవతల పారేశాడు. "దీంతోని కూర వండితే ఇంటిల్లిపాది ఇల్లు ఇడిసి పోతరు" అన్నాడు. అందరూ నవ్వారు. మొదటి రోజు అట్లా పోయింది.

బాయమ్మ నవ్వలేదు, ఏడవలేదు. ఆలోచించింది. తప్పు వేడిది కాదు, నీళ్లది. పసుపుకు ఆ నీళ్లు తగలకుండా వేడి మాత్రమే తగలాలి. రెండో రోజు పొద్దున్నే పటేలు ఇంటికి పోయి కొప్పెర అడిగింది. ఎట్లాగూ పొయ్యి వెలగడం లేదు కదా అని ఆయన ఇచ్చాడు. బుగ్గకు అడ్డంగా రెండు దూలాలు వేసింది. కొప్పెరలో వాగునీళ్లు, నీళ్లలో పసుపు, పైన మూత. దాన్ని తాళ్లతో దూలాలకు కట్టి, మెడదాకా బుగ్గలో దించింది. ఇట్లాగైతే ఉడకడానికి చాలా పొద్దు పడుతుంది. పడనీ అనుకుంది. పక్కన కూర్చొని చెవి పెట్టింది.

సుయ్ సుయ్ అంది. బాగుంది. పొద్దు పైకి వచ్చింది. గుడ గుడ అంది. ఇంకా బాగుంది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది.

వంద కుండలు వచ్చాయి.

"చల్లబడు తల్లీ, చల్లబడు తల్లీ, చల్లబడు తల్లీ." ఐలయ్య మొదటి కుండ పోశాడు. వెనక తొంభైతొమ్మిది మంది పోశారు. బాయమ్మ అడ్డం పడింది, బతిమాలింది, ఎవరు వింటారు? వంద కుండల చన్నీళ్లకు బుగ్గ ఉలిక్కిపడి చప్పుడు ఆపేసింది. మళ్లీ కాగేసరికి పొద్దు వాలింది. కొప్పెర పైకి తీస్తే పుల్ల సగమే దిగింది. రంగు పచ్చగా, వాసన పసుపు వాసనే. కానీ లోపల పచ్చి. రెండో రోజూ పోయింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. రంగు చూసిన పటేలు ఆ కొమ్మును పారేయలేదు, రొంటిన పెట్టుకున్నాడు. మాట మాత్రం మార్చుకోలేదు. "రేపు గొడ్డళ్లు వస్తయి" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు బాయమ్మ ఐలయ్య ఇంటికి పోయింది. ఐలయ్య పెళ్లాం పొయ్యి మీద జొన్న సంకటి కలుపుతోంది. ఐలయ్య పీట మీద కూర్చొని ఎప్పుడు పెడుతుందా అని చూస్తున్నాడు. బాయమ్మ పలకరించలేదు, కూర్చోలేదు. గుమ్మం దగ్గర ఉన్న నీళ్లబిందె ఎత్తి, పొయ్యి మీద పోయబోయింది.

ఐలయ్య పీట తన్నేసి లేచి బిందె పట్టుకున్నాడు. "నీకేమైంది బాయక్కా? ఇంటికొచ్చి పొయ్యిల నీళ్లు పోస్తవా? మేం నీకేం జేసినం?"

"కోపమొచ్చిందా అన్నా?"

"రాదా మరి? పగోడు గూడ చెయ్యని పని."

బాయమ్మ బిందె దించింది. "ఏడు తరాలసంది మనం చేస్తున్నది ఇదే అన్నా. తల్లి మనకోసం పొయ్యి ముట్టించి కూసున్నది. వండుకోండి బిడ్డలారా అంటున్నది. మనం దినాం పోయి ఆమె పొయ్యిల నీళ్లు పోసి వస్తున్నం. నువ్వు ఒక్క బిందెకే పీట తన్నినవు. వంద కుండలు పోసినా ఆమె ఒక్క మాట అనలే."

ఐలయ్య తన్నేసిన పీట తీసి గోడకు ఆనించాడు. అతని పెళ్లాం కలపడం ఆపి, "అమ్మో, ఎంత తప్పు చేసినమే" అంది. ఆ రాత్రి ఐలయ్య సంకటి తినలేదంటారు. తిన్నాడని కూడా అంటారు. నేను చూడలేదు.

మూడో రోజు పొద్దు పొడవకముందే బాయమ్మ కొప్పెర దించింది. వాగు పొంగు తీసింది. అవతలి ఊరివాళ్లు వచ్చి ఇప్పతోపు దగ్గర కూర్చొని గొడ్డళ్లు నూరడం మొదలుపెట్టారు. కరకర, కరకర. బాయమ్మ అక్కడికి కేకేసింది. "అన్నలారా, కొట్టేది మీ పని, నేను కాదన. కాని ఆ నూరుడు జర ఆపుండ్రి. నాకు ఇనవడ్తలేదు." వాళ్లకేం అర్థం కాలేదు. పెద్దామె అడిగింది కదా అని ఆపేశారు.

సుయ్ సుయ్. పొద్దు పైకి వచ్చింది. గుడ గుడ. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. వంద కుండలు వచ్చాయి.

ముందు ఐలయ్య, అతని నెత్తి మీద నిండు కుండ. బుగ్గ ఒడ్డుకు వచ్చి నిలబడ్డాడు. వెనక అందరూ నిలబడ్డారు. ఐలయ్య పెదవులు కదిలాయి. "చల్లబడు" అనబోయాడు. అనలేదు. పోయలేదు. దించలేదు. అట్లాగే నిలబడ్డాడు. పూజారి పోయనిదే ఎవరూ పోయకూడదు. వందమంది వంద కుండలు నెత్తిన పెట్టుకొని నిలబడ్డారు.

"ఐలన్నా, పొయ్యవేమే? తల్లి మండిపోతది, ఊరు కాలిపోతది" అని ఎవరో వెనకనుంచి అన్నారు.

"కాలితే ముందు నేను కాలుత. నేను ముందల్నే ఉన్న కదా" అన్నాడు ఐలయ్య. ఆకు కదిలితే భయపడే ఐలయ్య ఆ మాట అన్నాడు. కుండలో నీళ్లు మాత్రం తొణికి మొగం మీద కారుతూనే ఉన్నాయి.

పొద్దు నెత్తి దాటింది. ఊరు కాలలేదు. పొద్దు పక్కకు ఒరిగింది. నేల పగల్లేదు. బుగ్గ మాత్రం హాయిగా మరుగుతోంది. మెడలు పీకి ఒక్కొక్కరే కుండలు దించి కూర్చున్నారు. కూర్చుంటే చేసేదేముంది? వినడమే. అట్లా ఆ రోజు ఇప్పలగడ్డ ఊరంతా మొదటిసారి బుగ్గకు చెవి పెట్టింది.

గుబుకు గుబుకు.

ఈసారి ఆ చప్పుడు కొప్పెరది. బాయమ్మ చెయ్యెత్తింది. "దించుండ్రి."

నలుగురు తాళ్లు పట్టి కొప్పెర పైకి లాగారు. మూత తీశారు. పుల్ల గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగింది. బాయమ్మ ఒక కొమ్ము విరిచి పటేలు చేతిలో పెట్టింది. ఆయన లోపల రంగు చూశాడు. వాసన చూశాడు. నాలుక మీద పెట్టుకున్నాడు. అరచెయ్యంతా పచ్చగా అయింది. గొడ్డళ్లవాళ్ల వైపు తిరిగి, "అన్నలారా, మీకు వట్టి తిరుగుడైంది. అన్నం తిని పోండి" అన్నాడు.

బాయమ్మ పరుగెత్తింది. ఆ వయసులో ఆమె పరుగెత్తగా ఎవరూ చూడలేదు. తోపులోకి పోయి ఒక్కో చెట్టునూ పట్టుకొని, "ఉన్నరా, ఉన్నరా" అని అడిగింది. నలభై చెట్లనూ అడిగింది. పేదవాళ్లంతా ఆమె వెనకే పోయారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వాళ్లకే తెలియలేదు.

బుగ్గ దగ్గర మాత్రం ఒక మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. "బాయక్కా, ఇప్పుడన్న కుండ దించాల్నా, వద్దా?" అని ఐలయ్య అరిచాడు.

"దించు. దించి ఆ నీళ్లు తాగు" అని తోపులోంచి జవాబు వచ్చింది.

ఆ ఏడు పసుపంతా బుగ్గలోనే ఉడికింది. ఒక్క కట్టె కాలలేదు. ఊరికి ధైర్యం వచ్చింది. ధైర్యం వస్తే మనవాళ్లు ఆగుతారా? వడ్లు బుగ్గలోనే ఉడికించారు. బాలింతలకు నీళ్లు అక్కడివే, మురికి బట్టలకు నీళ్లు అక్కడివే. చలికాలం వస్తే ముసలివాళ్లు వేడి రాళ్ల మీద వీపు ఆనించి సాయంత్రందాకా లేచేవాళ్లు కాదు. వాడిన నీళ్లన్నీ కాలువ తీసి వాగులోకి వదిలారు.

మూడో ఏటికి బుగ్గ తగ్గింది. జానెడు తగ్గింది, మూరెడు తగ్గింది. ఊరు మళ్లీ బెదిరిపోయింది. తల్లికి కోపం వచ్చిందన్నారు. కుండలు వెతుక్కున్నారు. బాయమ్మ పోయి చెవి పెట్టింది.

"పొయ్యి ఆరలే. కింద మంట అట్లనే ఉన్నది. ఎసరు తగ్గింది, అంతే" అంది. "మీ ఇంట్ల గంజి వంచుకుంట పోయి ఎసరు పొయ్యకుంటే కుండ ఏమైతది?"

గుట్ట మీద ఒక చోట రాతిలో పెద్ద నెర్రె ఉంది. వాన పడినప్పుడు నీళ్లన్నీ అందులోకి పోయి మాయమయ్యేవి. ఎక్కడికి పోతాయో ఎవరూ ఆలోచించలేదు. "తల్లి కడుపులకే పోతయి, కాగి మళ్ల మనకే వస్తయి" అంది బాయమ్మ. ఆ రోజునుంచి వాడి చల్లారిన నీళ్లు వాగులో వదలకుండా గుట్టెక్కి ఆ నెర్రెలో పోయాలని చెప్పింది. తీసుకోవాలి, చల్లార్చాలి, తిరిగి ఇవ్వాలి. ఎంత తీసుకుంటే అంత ఇవ్వాలి.

అందరికంటే సంతోషించింది ఐలయ్య. మూడేళ్లుగా పాపం పని లేక కూర్చున్నాడు. మళ్లీ కుండ నెత్తికెత్తుకున్నాడు. రోజూ మధ్యాహ్నం వంద కుండలు గుట్టెక్కాయి. రెండు వానాకాలాలు పోయేసరికి బుగ్గ మళ్లీ అంచుదాకా వచ్చింది. గుట్ట మీద కూడా ఎవరూ నాటకుండానే చెట్లు మొలిచాయి. కొట్టేవాళ్లు లేకపోతే అవి ఊరికే ఉంటాయా?

తరవాత చాలా ఏళ్లకు కరువు వచ్చింది. మూడేళ్లు వాన లేదు. మొదటి ఏడు వరి పోయింది. రెండో ఏడు జొన్న పోయింది. మూడో ఏడు పసుపు మొలకే వెయ్యలేదు. పటేలు గాదెలో ఎలుకలు కూడా వేరే ఊరికి వలస పోయాయి. ఇప్పచెట్లకు ఆ సంగతే తెలియనట్టు పూత పూశాయి. వాటి వేళ్లు ఎంత లోతుకు పోయాయో ఎవరికి తెలుసు? తెల్లారేసరికి నలభై చెట్ల కింద పువ్వు.

ఊరంతా గంపలు పట్టుకొచ్చింది. అందరి వెనకా పటేలు నర్సింగం వచ్చాడు. అప్పటికి బాగా ముసలివాడు. గంప పంచె చాటున దాచుకొని, ఎవరైనా చూస్తారేమోనని చెట్టు వెనక నిలబడ్డాడు. బాయమ్మ చూసింది. అప్పటికి ఆమె నడుం వంగిపోయింది.

"పటేలా, అక్కడ నిలవడితే పువ్వు చేతికి రాదు. వంగి ఏరుకోవాలె" అంది.

ఆయన వంగాడు. పుట్టి బుద్ధెరిగాక తిండికోసం నేలకు వంగడం ఆయనకు అదే మొదటిసారి. ఏరిన పువ్వును బాయమ్మే బుగ్గలో కొప్పెర దించి ఉడికించింది, చిటికెడు పసుపు వేసి దోసిట్లో పెట్టింది. ఆయన నోట్లో పెట్టుకున్నాడు. నమలలేకపోయాడు. కళ్లనీళ్లు కారిపోయాయి.

"వీటిని కొట్టిస్తుంటి కదనే బాయమ్మా."

"కొట్టలే కదా పటేలా. తిను."

ఆ ఎండాకాలం ఇప్పలగడ్డలో ఒక్కరూ ఆకలితో చావలేదు. మరుసటేడు వానలు పడ్డాయి. ఆ వానలు చూసి బాయమ్మ పోయింది. పోయేముందు చెప్పింది, నన్ను కాల్చకండి, నాకోసం కట్టె కొట్టకండి, మావాళ్ల దగ్గర పెట్టండి అని. నలభయ్యో చెట్టు కింద పాతిపెట్టారు. గుంత తవ్వింది ఐలయ్య కొడుకులు. మొదటి పిడికెడు మట్టి వేసింది పటేలు.

ఆ బుగ్గను ఇప్పుడెవరూ జ్వరాలబుగ్గ అనరు. బాయమ్మ పొయ్యి అంటారు. ఈనాటికీ రోజూ మధ్యాహ్నం ఆ ఊరివాళ్లు చల్లారిన నీళ్లు గుట్టెక్కించి నెర్రెలో పోస్తారు. ఎవరైనా వినకుండా వాదిస్తుంటే, "జర కూసోని చెవి పెట్టు" అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు అదేం మాట అని అడిగితే ఈ కథ చెబుతారు. నాకూ అట్లాగే చెప్పారు.

ఇంకో ఆచారం ఉంది. ఇప్పపువ్వు రాలే మొదటి పొద్దున చెట్ల కింద ఊరంతా చేరుతుంది గానీ ఎవరూ వంగరు. పటేలు వంశంలో ఆ రోజుకు ఎవరు పెద్ద అయితే వాళ్లు, ఎంత ఉన్నవాళ్లయినా సరే, గంప పట్టుకొని రావాలి. అందరి ముందూ వంగి ఏరాలి. బాయమ్మ పొయ్యి మీద ఉడికించి, చిటికెడు పసుపు వేసుకొని, నలభయ్యో చెట్టు కింద నిలబడి తినాలి. తింటూ ఒక మాట అనాలి. "బాయమ్మా, కొట్టలేదు. తింటున్న." ఆ మాట అయ్యాక ఊరంతా ఒక్కసారిగా వంగుతుంది.